లాఠీ తగలని తుంటి

నా కుంటి నడకకు ఊరికో కథ ఉన్నది. మానుకోటల మా మేనత్త వాడకట్టు వాళ్లకు నేను నడుస్తున్న రైల్లకెళ్లి దుంకిన మనిషిని. టికెట్టు లేదని టీసీ ఒక ముసలవ్వను దించేస్తుంటే, ఆమె మూట పట్టుకొని ఆమె వెనకనే దుంకిననని చెప్పిన. మూటల కోడిపెట్ట ఉన్నది. దానికి ఏమీ కాలేదు. భూపాలపల్లిల మా తోడల్లుని క్వార్టర్ కాడికి పోతే బొగ్గుబాయి కథ చెప్త. చూసొద్దామని దిగిన పూటనే పైకప్పు పెళ్లలు రాలి నా నడుం మీద పడ్డయని, అయినా ఇద్దర్ని నేనే బయటికి గుంజినని. ముప్పై ఏండ్ల సంది బాయిల పనిచేసేటోళ్లు కూడా నోరు తెరుచుకొని విన్నరు. కొత్తగూడ అడవిల ఎలుగుబంటి కథ మాత్రం చిన్నపిల్లల కోసం దాచిపెట్టిన.

ఈ కథలతోని ఎవరికీ ఏ నష్టం కాలేదు. మా ఊరు జనగామల చెప్పిన కథనే నన్ను కాలు పోయేదాక తెచ్చింది. కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు రాస్త. నేను ఉన్నదున్నట్టు రాస్తనంటే మా ఆమె నవ్వుతది. నవ్వనీ.

అసలు సంగతి చాలా చప్పగ ఉంటది. నలభై దాటకముందే నా కుడి తుంటి గిన్నెల ఉండే ఎముక గుండు, రక్తం అందక లోపల్లోపలనే చచ్చిపోయింది. రైలు లేదు, ఎలుగుబంటి లేదు. హైదరాబాదుల ఒక దవాఖానల ఆ గుండు తీసేసి, తొడ ఎముకల ఇనుప కడ్డీ దించి, దాని మీద కొత్త గుండు, దానికి ఎదురుగ కొత్త గిన్నె కూసోబెట్టిన్రు. నేను దర్జీని. కుట్టుమిషిని తొక్కేది కుడి కాలే. అది ఆడకపోతే నా దుకాణం లేదు. ఆపరేషన్ అయినంక మళ్ల మిషిని తొక్కిన. అందరూ కాలు బాగైందనుకున్నరు.

బాగు కాలేదని ముగ్గురికి తెలుసు. నాకు, మా ఆమెకు, మా బామ్మర్దికి. కుట్టు పైన ఆరింది గాని కింది కొసకాడ ఆరలేదు. గంజి వార్చిన నీళ్లలెక్క సన్నగ కారేది. మూడు వారాల మీదనే కారింది. దుకాణంల మిగిలిన లైనింగు గుడ్డ ముక్కలు మడతవెట్టి మా ఆమె పట్టీ కట్టేది, తడిస్తే తీసి ఉడకబెట్టేది. "హైదరాబాదుకు పోయి చూపెట్టుకో" అని పొద్దుమాపు అన్నది. ఆ దినాలల్ల ఒకనాడు బంద్, ఒకనాడు రైళ్లు ఆపుడు. తెలంగాణ ఉద్యమాన్ని సాకుగ పెట్టుకొని నేను కదల్లేదు. జఫర్‌గఢ్ కాడ మా బామ్మర్ది ఆరెంపీ డాక్టరు. వాడు సంచి పట్టుకొని వచ్చి గోలీలు ఇచ్చిండు. నీళ్లు ఆగినయి. అక్కడికి కథ అయిపోయిందనుకున్న.

అయిపోలేదు. రెండు నెలలకోసారి తొడల సలుపు లేచేది. బామ్మర్దికి ఫోను కొడితే అయిదు దినాల గోలీలు వచ్చేవి. వేస్తే తగ్గేది, ఆపితే మళ్ల లేచేది. వాడు మంచోడే. "బావా, నీ ఒంటికి ఈ గోలీ పడ్డది" అనేటోడు, ఏదో సంబంధం కుదిర్చినంత సంతోషంగ.

ఇగ లాఠీ సంగతి. సడకు మీద రాస్తారోకో. నేను మా రిలే దీక్షల టెంటోళ్లతోనే పోయిన గాని, కాలు గుంజుతుంటే పక్కకు జరిగి చాయ్ బండి కాడ కూసున్న. పోలీసు జీపులు వచ్చినయి. అందరు ఉరికిన్రు. నేను ఉరకలేక చాయ్ బండి వెనక నీళ్ల డ్రమ్ము చాటుకు పోయిన. అంతా సద్దుమణిగినంక లేవబోతే కాలు నిలవలేదు, పక్కనున్న మురికి నీళ్ల మోరీల పడ్డ. లాఠీ నా నుంచి వంద గజాల దూరంల ఉన్నది. దాని రంగు కూడా నేను చూడలే.

మా టెంటుకు పెద్ద ఒక రిటైర్డు సారు. సగం జనగామకు ఎక్కాలు నేర్పిన మనిషి. ఆయన ఉరికొచ్చి నన్ను లేపిండు. ఆయన నుదురు పగిలి నెత్తురు కారుతున్నది. ఆయనకు మాత్రం నిజంగనే తాకింది.

"దెబ్బ తాకిందా తమ్మీ?"

"ఆ, సారూ."

"ఎక్కడ?"

చెయ్యి తుంటి మీద పెట్టిన. అంతే నేను చేసింది. మిగిలిందంతా జనం చేసిన్రు. తెల్లారి టెంటుల నా మెడల దండ వడ్డది. నేల మీద కూసోలేనని నాకొక్కనికే కుర్చీ వేసిన్రు. దండ వడ్డంక నోరు ఊకుంటదా. నెల తిరిగేసరికి ఆ ఒక్క లాఠీ మూడు లాఠీలైంది. ఒకటి నా తుంటి మీద విరిగింది కూడా.

ఇంట్ల మా ఆమె మిషిని మీద టెంటుకు కావాల్సిన బ్యానర్లు కుడుతూ అన్నది: "మొన్న రెండు లాఠీలన్నవు, ఇయ్యాల మూడాయె. రేపు తుపాకి తెస్తవా?"

"టెంటుల కూసున్నోళ్లకు జర హుషారు రావద్దా?"

"హుషారు మంచిదే. నీ కాలు సంగతి ఏంది?"

కాలు సంగతి బాగలేకుండె. అప్పటిదాక నడిస్తెనే నొచ్చేది. ఇప్పుడు పండుకున్నా నొస్తున్నది. పొద్దుగూకంగనే ఒళ్లు వెచ్చబడుతున్నది. సారు చూసి ఊకోలేదు. "ఉద్యమంల దెబ్బతిన్నోన్ని గిట్ల ఇడిసిపెడ్తమా" అని హన్మకొండల ఒక ఎముకల దవాఖానల మాట్లాడిండు. సమ్మెల బస్సులు లేవు. తెలిసినోళ్ల ఆటో మాట్లాడి నాతోని, మా ఆమెతోని తనూ వెంట వచ్చిండు. ఆయన నుదుటి మీద కుట్లు ఇంకా కనవడుతున్నయి. దారి పొడుగునా ఆ కుట్ల దిక్కు చూడకుండ కూసునుడు నాకు పెద్ద పనైంది.

డాక్టరమ్మది కృష్ణా జిల్లా దిక్కు మాట. "కూర్చోండి, ఎప్పటి నుంచండీ నొప్పి?" అన్నది. ఆ అండీ వినంగనే నాకు ఒళ్లు బిగుసుకున్నది. సినిమాలల్ల మా మాటను దొంగోని నోట్ల, పనోని నోట్ల పెట్టి ఎక్కిరించిన యాస అది. ఆమె ఎక్కిరించలేదు. నాకే ముందుగాల కోపం వచ్చి కూసున్నది.

నేను నోరు తెరవకముందే సారు చెప్పిండు. రాస్తారోకో, జీపులు, మూడు లాఠీలు, ఒకటి విరుగుడు. నా కథ ఆయన నోట్ల ఇంకా గంభీరంగ ఉన్నది. ఎక్కాలు చెప్పిన నోరు కదా, నమ్మక ఎవరికి తప్పుతది.

డాక్టరమ్మ ఎక్స్‌రే లైటు మీద పెట్టింది. కడ్డీ చుట్టూ సన్నటి నల్ల గీత చూపెట్టింది.

"ఇది రెండు రకాలుగా వస్తుంది. కడ్డీ ఎముకలో వదులై ఉండాలి, లేదంటే లోపల క్రిమి చేరి చీము పట్టి ఉండాలి. నొప్పి రెండిటికీ ఉంటుంది, ఫొటోలో గీతా రెండిటికీ ఇలాగే ఉండొచ్చు. చేయాల్సిన ఆపరేషన్ మాత్రం ఒకటి కాదు."

వదులైతే పాతది తీసి అప్పుడే కొత్తది వేస్తదట. చీమైతే ఉన్నదంతా పీకి, మందు కలిపిన సిమెంటు దిమ్మె పెట్టి, వారాల తరబడి సూదులిచ్చి, క్రిమి చచ్చిందని నమ్మకం కుదిరినంకనే కొత్తదట. "చీము ఉందని తెలియక దాని మీద కొత్తది వేశామనుకోండి, అదీ పాడైపోతుంది. ఆ తర్వాత మీ ఎముక మిగలదు. అప్పుడు నేనైనా, ఇంకెవరైనా చేయగలిగింది చాలా తక్కువ. అందుకే అడుగుతున్నాను. మొదటి ఆపరేషన్ అయ్యాక కుట్టు ఎప్పుడు ఆరింది? నీరేమైనా కారిందా?"

గదిల నలుగురం ఉన్నం. సారు నా భుజం మీద చెయ్యేసి నిలవడ్డడు. మా ఆమె నా దిక్కే చూస్తున్నది. కారిందని చెప్తే, నొప్పి లాఠీకన్న ముందటిదని చెప్పినట్టే. అప్పుడు దండ, కుర్చీ, సారు భుజం మీద పెట్టిన చెయ్యి, అన్నీ పోతయి. గా యాస ముంగట పోతయి.

"వారంలనే ఆరింది మేడం."

"యాంటీబయాటిక్ గోలీలు ఏమైనా వాడారా ఈ మధ్య?"

"ముట్టనే లేదు."

"అంటే దెబ్బ తగిలేదాకా నొప్పి లేదు?"

"ఎగిరి దుంకిన మేడం. బతుకమ్మ కూడా ఆడిన."

మా ఆమె తల దించుకున్నది. నా ఇజ్జత్ పోవద్దని ఆమె నోరు మూసుకున్నది. ఆ మూసుకునుడు ఆమెకు ఎంత కష్టమైందో తర్వాత తెలిసింది.

రక్తం తీసిన్రు. తుంటిల పొడుగు సూది దించి లోపటి నీళ్లు గుంజిన్రు. క్రిమి ఉంటే ఆ నీళ్లల్ల మొలుస్తదట, మొలిచిందాన్ని చూసి ఏ మందుకు చస్తదో కనుక్కుంటరట. వారం పైన మళ్ల రమ్మన్నరు. పోయినం, సారు తోనే. డాక్టరమ్మ కాగితాలు ముంగట పరిచి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది.

"మీ రక్తం చూస్తే లోపల ఎక్కడో క్రిమి ఉన్నట్టుంది. మీ కీలులో నీళ్లు చూస్తే ఏమీ మొలవలేదు. మీరు చెప్పేది చూస్తే దెబ్బకు వదులైనట్టుంది. మూడూ కలవట్లేదండీ." పెన్ను మూత పెట్టి తీసింది. "దెబ్బ దాకా బాగున్నారని మీరంటున్నారు కాబట్టి వదులు వైపే మొగ్గాల్సి వస్తోంది. అదే అయితే ఒకే ఆపరేషన్. ఇంకోసారి ఆలోచించుకొని చెప్పండి. నేను కాగితం మీద రాసేస్తాను."

ఒకే ఆపరేషన్. విననీకి ఎంత తియ్యగుంటదో చూడుండ్రి. నా అబద్ధం నాకు సగం కష్టం తప్పిస్తనంటున్నది. ఆ ఆశల నేను తల ఊపబోయిన.

గప్పుడు టకటక చప్పుడైంది.

మా ఆమె ఒళ్లె గుండీల డబ్బా ఉన్నది. దుకాణంల గుండీలు పోసుకునే పాత బిస్కట్ల డబ్బా. దవాఖానకు అది ఎందుకు తెచ్చిందో ఆటోల అడిగితే చెప్పలే. ఇప్పుడు దాన్ని మోకాళ్ల మీద పెట్టుకొని వేలుతోని కొడుతున్నది, మెల్లగ, నా దిక్కు చూడకుండ. ఆ చప్పుడు గుండీల చప్పుడు కాదు. పాతికేండ్ల సంది దర్జీని, నాకు తెల్వదా.

"మేడం," అన్న. మళ్ల అన్న. "మేడం, నాకు లాఠీ తాకలే."

నా భుజం మీది సారు చెయ్యి అట్లనే ఉన్నది.

"చాయ్ బండి వెనక డ్రమ్ము చాటున దాసుకున్న. లేవబోయి మోరీల పడ్డ. నొప్పి దానికంటె ముందటిదే. మొదటి ఆపరేషన్ కాడి నుంచి ఒక్క నెల కూడా సుఖంగ లేను. కుట్టు మూడు వారాల మీద కారింది. గోలీలు మా బామ్మర్ది ఇస్తడు. మొన్న మీరు సూది గుచ్చిన్నాడు కూడా పొద్దుగాల ఒకటి మింగి వచ్చిన. సూదికి భయమై."

మా ఆమె లేచి డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టింది. నిండ ఉత్త గోలీల పత్తాలు, మందు పేర్లున్న రేకులు. రెండేండ్లవి. నేను మింగి పారేసినవి ఆమె ఒక్కొక్కటి ఏరి దాచింది. "ఏం తింటున్నడో ఎన్నటికన్న ఎవలన్న అడుగుతరని దాసిన మేడం" అన్నది.

డాక్టరమ్మ తిడుతదనుకున్న. ఆమె ఆ పత్తాలు ఒక్కొక్కటి తిప్పి చదివింది. "నీళ్లు తీసిన రోజు ఈ మందు ఒంట్లో ఉంటే క్రిమి ఎలా మొలుస్తుందండీ? అది చావదు, అణగి ఉంటుంది. నేను దాన్ని చూడలేక కొత్త కడ్డీ వేసేదాన్ని." రాసిన కాగితం చింపింది. "పద్నాలుగు రోజులు ఏ గోలీ వద్దు, ఏ సూదీ వద్దు. జ్వరం హద్దు దాటితే నాకు ఫోన్ చేయండి, ఇంకెవరికీ కాదు. తర్వాత మళ్లీ నీళ్లు తీస్తాను."

నా భుజం తేలికైంది. వెనక్కి చూస్తే సారు లేడు. బయట వరండల గోడకు ఆనుకొని నిలవడి ఉన్నడు.

వచ్చేటప్పుడు ఘనపురం కాడ సడకు మీద వంటావార్పు నడుస్తున్నది. రాళ్ల పొయ్యిల మీద పెద్ద గంజుల కిచిడి ఉడుకుతున్నది, బండ్లు రెండు దిక్కులా ఆగినయి. పోయేటప్పుడు ఇట్లనే ఆపితే సారు దిగి, "లాఠీ దెబ్బ తిన్న బిడ్డ, దారియ్యిండ్రి" అన్నడు. జనం జైకొట్టి పక్కకు జరిగిన్రు. ఈసారి ఆటో ఆపినోళ్లు అడిగిన్రు: "ఎవలే లోపల?"

సారు తల బయటికి పెట్టి అన్నడు: "పేషెంటు."

దారి ఇచ్చిన్రు. ఇద్దరు ముగ్గురు విస్తరాకులల్ల కిచిడి కూడా తెచ్చి చేతిల పెట్టిన్రు. నేను తినలేకపోయిన. జనగామ దాక సారు ముఖం సడకు దిక్కే ఉన్నది. దిగేటప్పుడు మాత్రం అన్నడు: "టెంటుల నేను చెప్ప. నీ మాట నువ్వే చెప్పుకో."

ఆ పద్నాలుగు దినాలు నేను బతికుండంగ చూసిన పాడు దినాలు. గోలీ ఆపిన నాలుగో దినం నుంచే తొడల నిప్పు పెట్టినట్టు. జ్వరం. కాలు మంచం మీద నుంచి దించితే దించిన కాడనే. ఆరో దినం బామ్మర్ది సంచి పట్టుకొని వచ్చిండు.

"ఒక్క సూది బావా. ఎవలకు తెలుస్తది? గట్ల మూలుగుతుంటె చూడబుద్ధైతలేదు."

నేను చెయ్యి చాపిన. అవును, చాపిన. అంతా చెప్పినంక కూడా చాపిన. మా ఆమె నడుమ వచ్చి నిలవడ్డది.

"తమ్మీ, నీ సంచి గడప అవుతల పెట్టి రా. అన్నం తిని పో. సూది తీసినవంటె నువ్వు నా తమ్మునివి కావు."

వాడు అన్నం తినలే. సంచి తీసుకొని పోయిండు. చాలా నెలలు మాట్లాడలే. వాని తప్పు సగమే. అడిగింది నేను.

పదో దినం జ్వరం జర తగ్గినప్పుడు కర్ర పట్టుకొని టెంటుకు పోయిన. నా కుర్చీ అట్లనే ఉన్నది. కూసోలే. నిలవడి చెప్పిన. లాఠీ లేదు, డ్రమ్ము చాటు, మోరీ, చీము, అన్నీ. అయిపోంగనే వెనకాల నుంచి ఎవలో పక్కున నవ్విండు. అందరు అందుకున్నరు.

"అన్నా, కొత్తది మంచిగనే కట్టినవ్ గాని, లాఠీ కథల ఉన్న దమ్ము దీంట్ల లేదే!"

"మోరీ కాడ జర పెంచాలె. పామో ఏదో ఉండాలె."

"అన్న జ్వరంల ఉండి కూడా నవ్వనీకి వచ్చిండు, చూడుండ్రి!"

ఒట్టు పెట్టిన. ఇంకా గట్టిగ నవ్విన్రు. ఎవలో గుంజి కుర్చీల కూసోబెట్టి చేతికి మజ్జిగ ఇచ్చిన్రు. ఆ నవ్వుల సారు ఒక్కడే నవ్వలే. పేపరు మడిచి పక్కకు పెట్టిండు, మళ్ల తెరిచి చదువుకున్నడు. ఆయన నుదుటి మీద మచ్చ అప్పటికి తెల్లవడ్డది.

పద్నాలుగు దినాలు నిండినంక మళ్ల పొడుగు సూది. ఈసారి నీళ్లు చిక్కగ వచ్చినయి. కొన్ని క్రిములు సోమరివి, మెల్లగ లేస్తయి, రెండు వారాలు చూస్తమన్నరు. తొమ్మిదో దినం ఫోను వచ్చింది. "మొలిచిందండీ" అన్నది డాక్టరమ్మ. ఆ ఒక్క మాటకు నేను ఏడ్చిన. నా ఒంట్ల చీమున్నదని తెలిస్తే ఏడుపు రావాలె, వచ్చింది. కాని క్రిమి దొరికిందన్న ఏడుపు అది. ఆ యాసల ఆ మాట ఎంత చల్లగ వినబడ్డదో ఇప్పటికీ చెప్పలేను.

కడ్డీ, గుండు, గిన్నె అన్నీ పీకిన్రు. లోపల అయిదారు తావులల్ల కండ ముక్కలు తీసి వేరువేరు డబ్బీలల్ల మళ్ల పరీక్షకు పంపిన్రు. అన్నిట్ల దాదాపు అదే క్రిమి. సిమెంటు దిమ్మె పెట్టి మూసిన్రు. ఆరు వారాలు సూదులు. ఆ ఆరు వారాలు మా ఆమె మిషిని తొక్కింది. నేను మంచం మీద పండుకొని కొలతలు చెప్పేది, ఆమె నా కొలతలు వినకుండ కుట్టేది. గిరాకీ తగ్గలేదు, పెరిగింది. అది నాకు ఇంకో నొప్పి.

సూదులు ఆపి కొన్ని వారాలు చూసినంక, కొత్త కడ్డీ వేసే ఆపరేషన్ నాడు సారు రాలేదు. ఎవలతోనో అరటిపండ్లు పంపిండు. చీటీ ఏమన్న ఉన్నదా అని కవరు రెండుసార్లు వెతికిన. లేదు.

లోపలికి తీస్కపోయే ముందు డాక్టరమ్మ వచ్చింది. చేతిల కాగితం.

"మందులు ఆపాక మళ్లీ జ్వరం వచ్చిందా?"

"లేదు మేడం."

"కుట్టు దగ్గర నీరు?"

"లేదు."

"గోలీలు ఏమైనా వేసుకున్నారా?"

"ఒక్కటి కూడా లేదు మేడం."

మూడూ నిజం. నా జన్మల వరసగ మూడు నిజాలు చెప్పిన సందర్భం ఇంకొకటి గుర్తులేదు. ఆమె విన్నది. రాయలేదు. పెన్ను అట్లనే పట్టుకొని, నా మంచం దాటి, తలుపు కాడ నిలవడ్డ మా ఆమె ముఖం దిక్కు చూసింది.

మా ఆమె సంకల డబ్బా ఉన్నది. మూత తీసి లోపలికి చూసి, ఒకసారి కదిపింది.

"గుండీలే ఉన్నయి మేడం."

అప్పుడు రాసుకున్నది.